హంతకుడెవరో నాకు ముందే తెలుసు

మిస్టరీ సినిమా చూసి బయటికొస్తున్న మగవాణ్ణి ఎవరినైనా ఆపి "ఎలా ఉందండీ?" అని అడిగి చూడండి. బాగుందనడు, బాలేదనడు. "ఇంటర్వెల్‌కే నాకు అర్థమైపోయిందండీ" అంటాడు. మనం అడిగింది సినిమా సంగతి. ఆయన చెప్పింది తన బుర్ర సంగతి. ఇది నాకెలా తెలుసంటారా? ఆ మగవాళ్ళలో ముందు వరస నాదే. మీరూ పక్క సీట్లోనే ఉంటారని నా అనుమానం. మొహమాటపడకండి, మా ఆవిడకి చెప్పన్లెండి.

నాకో పద్ధతి ఉండేది. పేర్లు పడుతుండగానే పని మొదలుపెట్టేవాణ్ణి. తెర మీదికి ఎవరొస్తే వాళ్ళ మీద అనుమానమే. పోలీసాయన వస్తే "వీడే". డాక్టరొస్తే "ఆ చూపు చూశావా?" పాలవాడు గుమ్మంలో పాలు పోసి తన దారిన తాను పోతే "వీడేంటి, గిన్నె వైపు చూడకుండా పోశాడు?" చివర్లో ఎవడు దొరికినా సరే, మా ఆవిడ వైపు తిరిగి "నేను మొదట్లోనే అన్నానా లేదా?" అనేవాణ్ణి. అన్న మాట నిజమే కదండీ. అందర్నీ అన్నాను.

ఈ ఘనత ఎంతకాలం సాగిందో గానీ, మావాడు ఇంటర్మీడియట్‌లో చేరి లాజిక్కు నేర్చుకున్నాక సాగలేదు. "నాన్నా, ఇకనుంచి నోటితో కాదు. కాగితం మీద రాసివ్వాలి" అన్నాడు. సినిమా సగమయ్యేలోపు తలా ఒక చీటీ. చీటీకి ఒక్కటే పేరు. కొట్టివేతలు చెల్లవు. మడిచి పోపుల డబ్బాలో వెయ్యాలి, సినిమా అయ్యాక అందరి ముందూ విప్పాలి. పోపుల డబ్బాయే ఎందుకంటే, ఇంట్లో నేను చెయ్యి పెట్టని చోటు అదొక్కటేనని మా అమ్మాయి సెలవిచ్చింది. ఇంటి యజమాని మీద పిల్లలకున్న నమ్మకం అదీ.

నా ఈ జబ్బుకి మూలం 1985లో ఉంది. అప్పుడు వంశీ గారి 'అన్వేషణ' వచ్చింది. అడవి, వరసగా చావులు, పులి చంపిందంటున్న జనం, వెనక ఇళయరాజా. మా ఊరి హాల్లో రెండో ఆటకి క్యూలో నిలబడ్డాం. మొదటి ఆట వదిలారు. బయటికొస్తున్న మహానుభావుడొకడు మా పక్కగా పోతూ, చంపిందెవరో పేరు పెట్టి మరీ అరిచి పోయాడు. నా స్నేహితులు కారప్పూస బేరంలో ఉండి వినలేదు. నేను విన్నాను. ఇక చూడండి, సినిమా నడుస్తుంటే మధ్యమధ్యలో వాళ్ళ చెవుల్లో "వాడి మీద ఓ కన్నేసి ఉంచండ్రా" అంటూ గంభీరంగా వదిలాను. చివరి రీలు అయ్యేసరికి వాళ్ళు నన్ను చూసిన చూపు ఉంది చూశారూ! ఆ తర్వాత పరీక్షల్లో గానీ, పెళ్ళిచూపుల్లో గానీ, ఆఫీసులో గానీ ఎవ్వరూ నన్ను అలా చూడలేదు. ఆ చూపు కోసమే ఇన్నేళ్ళుగా దేవులాడుతున్నాను.

అలాంటి మహానుభావులు తెల్లదొరల దేశంలోనూ ఉంటారు కాబట్టే, లండన్‌లో 1952 నుంచి ఆడుతున్న అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' అయిపోయాక, చంపిందెవరో బయటికెళ్ళి చెప్పొద్దని ప్రేక్షకుల్ని బతిమాలుకుంటారట. 1960లో 'సైకో' విడుదల చేసినప్పుడు హిచ్‌కాక్ ఇంకో అడుగు ముందుకేసి, సినిమా మొదలయ్యాక ఎంతటివారినీ హాల్లోకి రానివ్వొద్దని షరతు పెట్టాడు. ఈ విశేషాలన్నీ ఒకరోజు కాఫీ తాగుతూ మా ఆవిడకి చెప్పాను, నా పాండిత్యం ఆవిడకి తెలియాలిగా. శ్రద్ధగా విని, "మంచి షరతేనండీ. మీ విషయంలో కాస్త మార్చుకుంటే సరి. మొదలయ్యేదాకా లోపల ఉండండి, మొదలవగానే బయటికెళ్ళండి" అంది.

చీటీల పద్ధతి 'క్షణం'తో మొదలైంది. 2016లో వచ్చిన సినిమా, మేం తర్వాతెప్పుడో టీవీలో చూశాం. దర్శకుడు రవికాంత్ పేరేపుకి మొదటి సినిమా. అడివి శేష్ అమెరికా నుంచి దిగుతాడు. ఒకప్పటి ప్రేయసి, అదా శర్మ, తన పాప కనబడటం లేదంటుంది. చుట్టుపక్కల వాళ్ళేమో, ఆవిడకసలు పాపే లేదంటారు. ఇంతవరకూ చెప్పొచ్చు. మొదట్లోనే తెలిసిపోయే ముక్కే ఇది, మా ఆవిడ అనుమతి కూడా అయింది.

ఈ వ్యాసం ఎక్కడికి పంపినా ముందు ఆవిడ చదివాకే పంపాలన్నది మా ఇంట్లో ఒప్పందం. నా చీటీలో ఏం రాశానో ఇక్కడ ఒక వాక్యం ఉండేది. అది ఎగిరిపోయింది.

సినిమా నడుస్తున్నంతసేపూ నేను లొసుగులు పట్టాను. ఫోన్ ఇలా చేస్తే పోలీసులకి దొరకదా, ఆ తలుపు దగ్గర కెమెరా ఉండదా, స్కూలువాళ్ళ రిజిస్టరు ఏమైంది? నా ప్రశ్నలకి శేష్ జవాబు చెప్పలేదు, అది వేరే సంగతి. మా ఆవిడ మాత్రం పైట కొంగు చేత్తో నలుపుతూ కూర్చుంది. ఒక చోట నేను పాజ్ నొక్కి, "ఇక్కడ స్క్రీన్‌ప్లేలో ఒక గమ్మత్తు ఉంది చూశావా?" అన్నాను. "ఆ పిల్ల అన్నం తిందో లేదో" అందావిడ. నేను మళ్ళీ ప్లే నొక్కాను.

చీటీలు విప్పారు. నాది పసుపుతో, నాలుగు ఆవగింజలతో బయటికొచ్చింది. మావాడు పైకి చదివాడు. మా అమ్మాయి ఆవగింజలు ఏరి డబ్బాలో వేస్తూ, "ఇవైనా పనికొస్తాయి" అంది.

ఆ కథకి గిరాకీ బాగానే వచ్చింది. 2017లో తమిళంలో 'సత్య', 2018లో హిందీలో 'బాగీ 2', 2020లో కన్నడంలో 'ఆద్య'. హిందీ దాంట్లో టైగర్ ష్రాఫ్ హెలికాప్టర్ల మీదా మనుషుల మీదా పడి కొట్టాడు. మన దాంట్లో ఒక్క చూపుతో నడిచిపోయిన చోట కూడా అక్కడ ఏదో ఒకటి పేలితే గానీ కథ కదల్లేదు. అది టీవీలో వచ్చినప్పుడు నేను చీటీ అడిగి మరీ రాశాను. సరిగ్గా రాశాను. నా జీవితంలో గెలిచిన ఏకైక చీటీ అది. "రీమేకులు లెక్కలోకి రావు" అని ముగ్గురూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇక అసలు కథకి వస్తాను. 2019 జూన్ 21న 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' విడుదలైంది. దర్శకుడు స్వరూప్ ఆర్‌.ఎస్‌.జె.కి అదే మొదటి సినిమా. హీరో నవీన్ పోలిశెట్టి, అప్పటికి మా ఇంట్లో పిల్లలకి తప్ప ఎవరికీ తెలీదు. నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా, అంతకు ముందు 'మళ్ళీ రావా' తీసినాయన. పోస్టరు చూసి నేను పెదవి విరిచాను. "ఇంత పొడుగు పేరు రిజర్వేషన్ ఫారం గళ్ళలో కూడా పట్టదు. ఎవరు చూస్తారు?" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ తల బయటపెట్టి, "అదేదో నెల్లూర్లో డిటెక్టివ్ కథంట కదా?" అంది.

అయిపోయింది. మా ఆవిడది నెల్లూరు. రంగనాయకులపేటలో పుట్టి, పెన్నలో ఈదులాడి, చేపల పులుసులో మామిడికాయ ముక్క వెయ్యని వాళ్ళని మనుషుల కింద లెక్కపెట్టని వంశం. తెర మీద నెల్లూరు చూపిస్తారంటే ఈవిడ టిక్కెట్టు కొంటుందా కొనదా అనే సస్పెన్సుకి చోటే లేదు. సాయంత్రానికి నలుగురికీ టిక్కెట్లు వచ్చేశాయి. డబ్బులు నా ఖాతాలోంచి పోయాయని ఫోన్ టింగుమంది.

ఆత్రేయకి నెల్లూర్లో ఒక డిటెక్టివ్ ఏజెన్సీ. పేరు ఎఫ్.బి.ఐ. అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. ప్రపంచంలో ఉన్న డిటెక్టివ్ సినిమాలన్నీ చూసి ఒంటబట్టించుకున్నాడు గానీ, వచ్చే కేసులు చిల్లరవి. స్నేహ అని ఒక అసిస్టెంటు, శ్రుతి శర్మ వేసింది. ఇద్దరి మధ్యా ప్రేమ పాట లేదు, స్విట్జర్లాండ్ లేదు. రైలు పట్టాల పక్కన ఎవరిదో తెలియని శవం దొరుకుతుంది, దాని జోలికి పోయి ఇతగాడే కటకటాల వెనక్కి వెళతాడు. హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేను నవ్వుతూనే లోపల కాస్త ముడుచుకున్నాను. తనకి అన్నీ తెలుసనుకునే మనిషిని, చుట్టూ ఉన్నవాళ్ళకి అతని సంగతి తెలిసి ఊరుకోవడాన్ని తెర మీద చూస్తుంటే మా హాల్లో సోఫా గుర్తొచ్చింది. మావాడు మధ్యలో నా వైపు ఒకసారి తిరిగి చూశాడు. ఏమీ అనలేదు. అననక్కర్లేదు కూడా.

మా ఆవిడ చూపు మాత్రం ఊరి మీదే. "ఆ మలుపు తిరిగితే మా అత్త వాళ్ళిల్లు" అని చీకట్లో వేలు పెట్టి చూపించింది. యాసకి మార్కులు వేసింది. "కుర్రాడు బానే పట్టాడు గానీ, మా చిన్నాన్నయితే ఆ చోట ఇంకో రెండు మాటలు కలిపి తిట్టేవోడు" అంది. నెల్లూరు గుర్తొస్తే ఈవిడకి వాడు 'వోడు' అవుతాడు, ఏమిటి 'ఏంది' అవుతుంది. అప్పుడు నేను జాగ్రత్తగా ఉండాలి.

ఇంటర్వెల్లో పాప్‌కార్న్ బిల్లు నాలుగు ముక్కలు చేశాడు మావాడు. పోపుల డబ్బా వెంట తెచ్చుకోలేదు గనక చీటీలు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో, లోపలి జిప్పులో, తిరుమల కుంకుమ పొట్లం పక్కన భద్రమయ్యాయి. ఈసారి నేను చాలా ఆలోచించి రాశాను. క్యాంటీన్ లైట్ల కింద నిలబడి, ఒక్కొక్క పాత్రనీ నిలదీసి, ఇద్దర్ని వదిలేసి, ఒకర్ని ఖాయం చేశాను. మా ఆవిడ సమోసా తింటూ అర నిమిషంలో రాసిచ్చేసింది.

రెండో సగంలో కథ బరువెక్కింది. ముడి విప్పే చోట ఆత్రేయ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతాడు. నాకు సగం అందింది, సగం జారిపోయింది. పక్కాయన నా వైపు వంగి "ఏమన్నాడండీ?" అన్నాడు. నేను తల పంకించి "అదేనండీ, మనం అనుకున్నదే" అన్నాను. ఆయనా తల పంకించాడు. మేమిద్దరం ఒకరినొకరం ఎంత చక్కగా అర్థం చేసుకున్నామో.

ఆటో ఎక్కాక చీటీలు బయటికొచ్చాయి. కుంకుమతో ఎర్రబడి ఉన్నాయి. నా చీటీ చదివాక మావాడూ అమ్మాయీ కాసేపు ఆటో చువ్వ పట్టుకుని నవ్వారు. తర్వాత మా ఆవిడ చీటీ విప్పారు. అందులో ఇలా ఉంది: "మీ నాన్న రాసినవాళ్ళు కాదు."

నిబంధనల ప్రకారం పేరు రాయాలి కదా అని నేను అభ్యంతరం లేవదీశాను. నలుగురిలో తప్పు పోనిది ఆవిడదొక్కటే కాబట్టి అభ్యంతరం కొట్టేశారు. ఆటో అతను కూడా "అమ్మగారిదే కరెక్టు సార్" అన్నాడు. అతను సినిమా చూడలేదు.

నాకు అందని సగం ఆవిడే ఆటోలో విడమర్చి చెప్పింది. "అదే నేనూ అనుకున్నా" అన్నాను అలవాటు ప్రకారం. "మొదట్లో వాళ్ళమ్మ పోయిన సీను గుర్తుందా మీకు? కడసారి చూపు కూడా దక్కదు ఆ పిల్లోడికి" అంది. నిజం చెప్పొద్దూ, ఇంటర్వెల్ నాటికే మర్చిపోయాను. "మర్చిపోవాలనే కదా అంతసేపు నవ్వించింది. మీరు నవ్వే పనిలో ఉంటే వాడు దాచే పనిలో ఉన్నాడు" అంది. ఇంతకంటే చెప్పకూడదు. ఇక్కడా రెండు వాక్యాలు ఎగిరిపోయాయి.

ఆ రాత్రే నాకు ఆవిడ పద్ధతి తెలిసింది. నేను అనుమానంగా కనిపించేవాణ్ణి పట్టుకుంటాను. ఆవిడ అవసరం లేకుండా కనిపించేవాణ్ణి పట్టుకుంటుంది. "చిన్న సినిమాకి డబ్బెక్కడిదండీ? పెద్ద సినిమాలో అయితే పది మంది ఊరికే అటూ ఇటూ తిరుగుతారు. చిన్న సినిమా వాళ్ళు ప్రతి మొహానికీ రూపాయి లెక్క చూసుకుంటారు. తెలిసిన మొహాన్ని తెచ్చి, ఒక సీన్లో టీ కప్పు ఇప్పించి ఊరికే పంపించరు. ఆ టీ కప్పు ఎందుకిచ్చాడా అని చూడాలి" అంది. పోపు గింజలకీ నూనె బొట్టుకీ లెక్క చూసుకునే మనిషికి ఆ కిటుకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? సినిమా పత్రికల్లో విమర్శలు చాలా చదివాను గానీ, ఇంత పనికొచ్చే ముక్క ఎక్కడా చదవలేదు. ఆ మాట ఆవిడతో అనలేదనుకోండి.

మర్నాటి నుంచి అపార్టుమెంటులో అభిప్రాయాల జాతర. పై అంతస్తు మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "లాజిక్ లేదండీ" అన్నారు. ఏ సీన్లో లేదన్నాను. ఆయన చెప్పిన సీను ఇంకో సినిమాలోది. మొదటి సగం పడుకున్నారని వాళ్ళావిడ మా ఆవిడతో చెప్పింది. వాచ్‌మన్‌కి హీరో ఎవర్నీ సరిగ్గా కొట్టలేదన్నదే బాధ. మా ఆఫీసులో ఒకాయనకి ఇంకా న్యాయమైన ఫిర్యాదు ఉంది. "పాటల్లేకపోతే బాత్రూంకి ఎప్పుడెళ్ళాలండీ? వెళ్ళొస్తే కథ పోయింది, కూర్చుంటే ప్రాణం పోయింది" అన్నాడు. యాభై దాటిన మగ ప్రేక్షకుల తరఫున ఆ మాట నిర్మాతల మండలికి చేరాల్సిందే. మా అత్తగారు నెల్లూరు నుంచి ఫోన్ చేసి, సినిమా బ్రమ్మాండం అన్నారు. చూశారా అత్తయ్యా అంటే, "నాకెక్కడ కుదురుతుంది నాయనా, మనూరు సినిమా బాగుండకేం చేస్తుంది" అన్నారు. మా బామ్మర్ది మాత్రం ఆ రైలు పట్టాలు మా ఇంటి వెనకవేనని ఇప్పటికీ వాదిస్తాడు. వాళ్ళింటి వెనక కాలవ ఉంది.

పాపం, ఈ చిన్న సినిమాలకి పెద్ద చిక్కే ఇది. కటౌట్లు కట్టే అభిమానులుండరు. మొదటి రోజు హాళ్ళు తక్కువ. ఆ నోటా ఈ నోటా బాగుందన్న మాట పాకితేనే రెండో వారం. పెద్ద హీరో సినిమా అయితే ఫైటు ఇలా ఉంది, పాట అలా ఉంది అని వీధి చివరిదాకా చెప్పుకోవచ్చు. మిస్టరీకి ఆ సౌఖ్యం లేదు. ఏది బాగుందో చెబితే సినిమా పోతుంది, చెప్పకపోతే ఎవరూ వెళ్ళరు. "బాగుంది, ఏం అడక్కు, వెళ్ళి చూడు" అని ఆగిపోవాలి. ఆగిపోగలిగిన నోళ్ళ మీద ఆ సినిమావాళ్ళ అప్పులన్నీ ఆధారపడి ఉంటాయి.

నా నోరు అలాంటిది కాదు. లిఫ్టులో ఎదురింటి వదినగారు కనబడ్డారు. చేతిలో పర్సు, మల్లెపూలు, వెనకే వాళ్ళాయన. "ఏజెంటు సినిమాకి వెళ్తున్నాం అన్నయ్యగారూ" అన్నారు. నాలుగో అంతస్తు నుంచి కిందికి దిగేది ఎంతసేపు చెప్పండి? మొదటి అంతస్తు దాటేసరికి అయిపోయింది. నేను పేరు చెప్పలేదు సుమండీ! "ఫలానా చోట ఆ మాట ఎందుకన్నాడో మాత్రం గమనించండి" అన్నానంతే. లిఫ్టు తలుపు తెరుచుకున్నా ఆవిడ కదల్లేదు. వాళ్ళాయన పైకి బటన్ నొక్కేశాడు. ఆ సాయంత్రం మా ఆవిడ కొత్త టిక్కెట్లు కాదు, బొబ్బట్లు పట్టుకెళ్ళి సంధి చేసుకొచ్చింది. ఇప్పటికీ ఆ వదినగారు నేను లిఫ్టులో ఉంటే "మెట్లు ఆరోగ్యానికి మంచిదంట అన్నయ్యగారూ" అని నడుస్తారు.

2021లో 'జాతిరత్నాలు' వచ్చి రాష్ట్రాలు రెండూ నవీన్ పోలిశెట్టి పేరు చెప్పుకుంటుంటే, భోజనాల దగ్గర నేను గొంతు సవరించుకున్నాను. "ఈ కుర్రాడు పైకొస్తాడని 2019లోనే అన్నాను" అన్నాను. మావాడు ఫోన్ తీసి మా కుటుంబం గ్రూపులో వెనక్కి వెనక్కి వెళ్ళి నా మెసేజి చదివి వినిపించాడు: "ఎవడో కొత్తోడు. మాటలెక్కువ. రెండు వందలు దండగ." మా ఆవిడ నాకు ఇంకాస్త పెరుగు వేసింది. ఓదార్పనుకుంటాను.

అసలు ఆత్రేయ దెబ్బ ఇంట్లో వేరే రకంగా తగిలింది. ఎవరో ఇటు వస్తుంటే అత్తగారు నెల్లూరు మలై కాజాలు పంపారు. నాకు షుగరు. చూడటానికి హక్కుంది, తినడానికి లేదు. నాలుగు రోజుల్లో డబ్బా అడుగు కనబడింది. గొడవ నా మీదికి రాకముందే నేనే గొంతెత్తాను. "ఇంట్లో దొంగ ఉన్నాడు. ఈ కేసు నేను టేకప్ చేస్తున్నాను" అన్నాను. భూతద్దం లేదు గనక పంచాంగం చదివే అద్దం తీసుకున్నాను. ఫ్రిజ్ తలుపు పరిశీలించాను. పనిమనిషిని ప్రశ్నించబోతే ఆవిడ నన్నే ఎగాదిగా చూసింది. పిల్లలిద్దరినీ విడివిడిగా పిలిచి, నిన్న రాత్రి పదకొండు గంటలకి ఎక్కడున్నారని అడిగాను. "పడుకున్నాం నాన్నా. నువ్వెక్కడున్నావు?" అన్నారు ఇద్దరూ, విడివిడిగానే.

మా ఆవిడ ఇదంతా చూస్తూ బెండకాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే, "ఈ ఇంట్లో అవసరం లేకుండా వంటింట్లోకి వచ్చిందెవరు?" అంది.

"మంచినీళ్ళకొచ్చాను" అన్నాను.

"మీకు మంచినీళ్ళు నేను పెళ్ళైనకాడి నుంచీ మంచం దగ్గరే పెడుతుండా" అంది. 'పెడుతుండా' అంది. అంటే నెల్లూరు దిగింది.

నేను ఇంకా ఏదో సమాధానం కట్టబోతుంటే మా అమ్మాయి "అమ్మా, ఇటు చూడు" అంది. టీవీ బల్ల కాలు మీదుగా, రిమోట్ పక్కనుంచి, సన్నగా చీమల బారు పోతోంది. ఎర్ర చీమలు. ఎక్కడా తడబడటం లేదు. నేరుగా వచ్చి నా కళ్ళజోడు పెట్టెలోకి దిగుతున్నాయి. మావాడు రెండు వేళ్ళతో పెట్టె మూత తెరిచాడు. లోపల కళ్ళజోడు తుడిచే పసుపు గుడ్డలో చుట్టిన సగం కాజా. రాత్రి అలికిడైతే కంగారులో దాచి, తర్వాత ఎక్కడ దాచానో నేనే మర్చిపోయాను. పొద్దున్నుంచీ చెవుల వెనక ఏదో జిగురుగా ఉందేమిటా అనుకుంటూనే ఉన్నాను. ఆ అద్దం పుచ్చుకుని ఇల్లంతా వెతికింది ఆ జిగురు కళ్ళజోడు పెట్టుకునే.

"శవం దొరికింది" అన్నాడు మావాడు.

మా ఆవిడ బెండకాయలు పక్కన పెట్టి, కళ్ళజోడు వేణ్ణీళ్ళలో కడిగి, పైట కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. తిట్టలేదు. షుగరు పరీక్షకి మాత్రం మర్నాడు పొద్దున్నే ల్యాబు కుర్రాణ్ణి ఇంటికే పిలిపించింది. ఆ రిపోర్టు అంకె ఇక్కడ రాశాను, అదీ ఎగిరిపోయింది.

ఈ కథ నెల్లూరు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. పోయిన వారం అత్తగారి దగ్గర్నుంచి మళ్ళీ డబ్బా వచ్చింది. ఈసారి మూత చుట్టూ టేపు నాలుగు వరసలు చుట్టి ఉంది. మూత మీద నల్ల స్కెచ్ పెన్నుతో, వణుకుతున్న చేతిరాతతో, పెద్ద అక్షరాల్లో ఉంది: "కాజాలు 40. అల్లుడు గారి ముందు లెక్కపెట్టవలెను."